బొంత పని ముందుకు సాగడం లేదా? చేతికుట్టులో, అతుకు పనిలో వచ్చే చిక్కులు, కారణాలు, సవరణలు

చేతితో కుట్టే బొంత మధ్యలో ఆగిపోతే చాలామంది తమకు ఓపిక లేదనో తీరిక లేదనో అనుకొని దాన్ని మడిచి పెట్టెలో దాచేస్తారు. నేను చూసినంతలో ఓపిక చాలక ఆగిన బొంతలు తక్కువే. దారం మాటిమాటికీ చిక్కుపడటం వల్లనో, వేలు నొప్పి పెట్టడం వల్లనో, తరువాత ఏ వరుస కుట్టాలో తేల్చుకోలేకపోవడం వల్లనో ఆగినవి ఎక్కువ. కారణం పట్టుకున్ననాడు అదే బొంత మళ్ళీ ఒళ్ళోకి వస్తుంది. ఇక్కడ చెప్పబోయేది పాత నూలు చీరలను మూడు నాలుగు పొరలుగా పరచి, వాటిపై మామిడి పిందెలు, ఆకులు, పువ్వులు వంటి గుడ్డముక్కలను అతికి కుట్టే బొంత గురించి. ఈ అతుకు పనినే ఇప్పుడు అప్లిక్ అంటున్నారు. మధ్యలో దూది పొర పెట్టి కుట్టే క్విల్టుకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

రోజూ కుడుతున్నా పని పెరిగినట్టు కనిపించదు

పని మొత్తం ఎంత ఉందో ముందుగా లెక్క వేసుకోకపోవడమే దీనికి కారణం. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న బొంతను తీసుకుందాం. పొడవు వెంబడి అంగుళానికొక వరుస చొప్పున కుడితే 60 వరుసలు వస్తాయి. ఒక్కో వరుస 84 అంగుళాలు కనుక మొత్తం కుట్టు 5,040 అంగుళాలు, అంటే 140 గజాలు. మూరన్నర దారంలో ముడికీ చివరకూ పోయేది, గుడ్డ మందంలో ఇమిడిపోయేది తీసివేస్తే సుమారు 18 అంగుళాల వరుస దక్కుతుంది కాబట్టి ఈ బొంతకు 280 దారాలు పడతాయి. రోజుకు నాలుగు దారాలు కుట్టగలిగినవారికి అది 70 రోజుల పని. అదే అరంగుళానికొక వరుస పెట్టుకుంటే దారాలు 560, రోజులు 140 అవుతాయి. అతుకు పనికి పట్టే కాలం ఈ లెక్కలో చేరలేదు.

కనుక మొదటి సవరణ వరుసల మధ్య దూరాన్ని ఆలోచించి నిర్ణయించుకోవడం. చీరల పొరలు విడి దూదిలా ఉతుకులో గడ్డకట్టవు, జారిపోవు. అంగుళం దూరంలో వరుసలు ఉన్నా అవి నిలుస్తాయి కాబట్టి అందం కోసం తప్ప బలం కోసం అంతకంటే దగ్గరగా కుట్టవలసిన అవసరం లేదు. ఏకిన దూది విడిగా పరచినప్పుడు మాత్రం వరుసలు దగ్గరగా ఉండాల్సిందే.

రెండవ సవరణ, పనిని గంటలతో కాకుండా దారాలతో కొలవడం. ఇంటి పనుల మధ్య దొరికే గంట ఎప్పుడూ నిండు గంట కాదు, కానీ దారం అయిపోయిందంటే అయిపోయినట్టే. పొద్దున వెలుతురు బాగున్నప్పుడు నాలుగు సూదులకు దారం ఎక్కించి ఒక గుడ్డ మెత్తకు గుచ్చి పెట్టుకుంటే, నాలుగు సూదులూ ఖాళీ అయినప్పుడు ఆనాటి పని పూర్తయినట్టు లెక్క. సాయంత్రం దీపం కింద సూది బెజ్జం వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది. వారం మొదలైన చోట ఒక పిన్నీసు పెట్టి ఉంచితే, వారం చివర దానికీ సూదికీ మధ్య ఉన్న మేర స్పష్టంగా కనిపిస్తుంది. నాకు అంతకంటే ధైర్యమిచ్చిన కొలత మరొకటి లేదు.

బయటికి తీయాలంటేనే చేయి రాదు

బొంత పెద్దదయ్యేకొద్దీ దాన్ని తీయడం, పరచడం, మళ్ళీ మడవడం ఒక ప్రత్యేకమైన పనిగా మారుతుంది. అరగంట తీరిక దొరికినప్పుడు అందులో పది నిమిషాలు ఇందుకే పోతే ఎవరికైనా విసుగు వస్తుంది. పని ఇంకా మొదలుపెట్టనివారు అతుకు పనిని 12 అంగుళాల చదరాల మీద విడివిడిగా చేసుకోవడం మంచిది. పైన చెప్పిన కొలత బొంతకు అడ్డంగా అయిదు, నిలువుగా ఏడు చొప్పున 35 చదరాలు సరిపోతాయి. ఒక్కో చదరాన్ని చుట్టూ కలుపుకోవడానికి పావు అంగుళం చొప్పున పెంచి కత్తిరించుకోవాలి. ఒక చదరం, ఒక దారపు ఉండ, చిన్న కత్తెర చేతిసంచిలో పడతాయి కనుక బస్సు ప్రయాణంలోనూ ఆసుపత్రి వరండాలోనూ పని సాగుతుంది.

ఇప్పటికే పొరలన్నీ కలిపి మొదలుపెట్టినవారు, ఆ రోజు పని ఆపేటప్పుడు వరుస చివరిదాకా కుట్టి ఆపకుండా వరుస మధ్యలో, దారం ఉన్న సూదిని గుడ్డలో గుచ్చి ఆపాలి. మరునాడు ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నే ఉండదు. అయితే ఇది ఒకటి రెండు రోజులకే. వానాకాలంలో సూదిని వారాల తరబడి గుడ్డలో వదిలేస్తే తుప్పు మరక పడుతుంది, అది ఎంత ఉతికినా పోదు.

దారం చిక్కుపడుతుంది, పోగులు లేస్తుంది, తెగుతుంది

మళ్ళీ మళ్ళీ ఎక్కించే బాధ తప్పుతుందని బారెడు దారం తీసుకోవడం ఇందుకు ప్రధాన కారణం. దారం ఎంత పొడవైతే దాని ప్రతి భాగమూ గుడ్డలోంచి అన్నిసార్లు దూరి వెళ్ళాలి. ఆ రాపిడికి పోగులు లేస్తాయి, సూది బెజ్జం దగ్గర ఒకే చోట అరిగి తెగుతుంది. అతుకు పనికి మూరెడు, బొంత వరుసలకు మూరన్నర దాటకూడదు. కుట్టేటప్పుడు సూది తెలియకుండానే వేళ్ళ మధ్య తిరుగుతూ దారానికి మెలిక ఎక్కిస్తుంది కనుక, కొన్ని కుట్లకొకసారి సూదిని వదిలి వేలాడదీస్తే మెలిక తనంతట తాను విప్పుకుంటుంది. బొంత వరుసల దారాన్ని తేనె మైనం ముద్ద మీదుగా ఒకసారి లాగితే నునుపు వస్తుంది. ఎంబ్రాయిడరీ దారం వాడేవారు ఆరు పోగుల్లోంచి రెండు మూడు పోగులను ఒక్కసారిగా పీకకుండా, ఒక్కొక్కటిగా లాగి తిరిగి కలుపుకోవాలి. పాత చీర మెత్తబడి ఉంటుంది కాబట్టి గట్టి పాలియెస్టర్ దారం దాన్ని కోసేస్తుంది. నూలు గుడ్డకు నూలు దారమే తగినది.

సూది దిగదు, వేలు నొప్పి పెడుతుంది

ముందుగా పొరలు లెక్కపెట్టి చూడాలి. నాలుగు చీర పొరల వరకు చేయి హాయిగా సాగుతుంది. అయిదారు పొరలైతే కుట్టుకొక్కసారి సూదిని లాగవలసి వస్తుంది, వేగం సగానికి పడిపోతుంది. మంగళగిరి చీర వంటి వాటి అంచులో ఉండే జరీ, దట్టంగా నేసిన దుప్పటి గుడ్డ, సిల్కు కలిసిన నేత కూడా సూదిని అడ్డుకుంటాయి. జరీ అంచును ముందే విడదీసి చివర పట్టీకి దాచుకోవడం ఉత్తమం.

తరువాత సూది చూడాలి. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. సన్న దారంతో బొంత వరుసలకు పొట్టిగా ఉండే 9 లేదా 10 నంబరు సూది, రెండు మూడు పోగుల దారానికి 7 లేదా 8 నంబరు సూది చేతికి నప్పుతాయి. పొడవైన సూది మందమైన గుడ్డలో వంగిపోతుంది. నడి వేలికి అంగుస్తాను, అంటే సూదిని నెట్టడానికి వేలికి తొడిగే తొడుగు, పెట్టుకోవడం అలవాటు లేనివారికి మొదటి వారం చేయి కట్టేసినట్టుంటుంది. ఆ వారం ఓర్చుకుంటే మూడు నాలుగు కుట్లు ఒకేసారి సూదికి ఎక్కించి నెట్టడం వస్తుంది, అప్పుడు పని వేగమే మారిపోతుంది. ఇవన్నీ సరిచేసుకున్న తరువాత కూడా వేళ్ళకు తిమ్మిరి రోజుల తరబడి వదలకపోతే, సూది పక్కన పెట్టి వైద్యులకు చూపించుకోవాలి.

కుట్టేకొద్దీ ముడతలు పోగవుతాయి

ఇది ఆలస్యంగా బయటపడే లోపం. పైన అంతా నున్నగానే ఉంటుంది, తిప్పి చూస్తే వెనుక పొర ఒకచోట మడతపడి కుట్టులో చిక్కుకొని ఉంటుంది. కచ్చా కుట్లు (పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడవైన కుట్లు) తక్కువగా వేయడం, అంచుల నుండి మధ్యకు కుట్టుకు రావడం, ఉతకని కొత్త గుడ్డను ఉతికిన పాత చీరతో కలపడం దీనికి మూడు కారణాలు. నేల తుడిచి, వెనుక పొరను బిగుతుగా పరచి అంచులు కదలకుండా బరువులు పెట్టాలి. మిగిలిన పొరలను ఒక్కొక్కటిగా, అన్నిటి పడుగు (నిలువు పోగు) ఒకే దిశలో ఉండేలా పరిచి, మధ్య నుండి బయటికి అరచేతితో సర్దాలి. ఆ తరువాత బెత్తెడు దూరానికొక కచ్చా కుట్టు వరుస నిలువుగానూ అడ్డంగానూ వేయాలి. దీనికి ఒక పూట పడుతుంది, ఆ పూటను మిగుల్చుకోవాలని చూసినవారు తరువాత వారాలు పోగొట్టుకుంటారు. అసలు కుట్టు కూడా మధ్య వరుసతో మొదలుపెట్టి రెండు వైపులకూ సాగాలి. ముడత అప్పటికే పడిపోయి ఉంటే ఆ వరుసనూ దాని పక్క వరుసనూ మాత్రం విప్పి సర్దితే చాలు, అంతా విప్పనవసరం లేదు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సమాజపు స్త్రీలు కుట్టే కవంది అనే బొంత ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, అంచు నుండి మొదలై చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుతుంది. వారు పై ముక్కలను ముందుగా ఒకదానికొకటి కలిపి పెట్టుకోరు. కుట్టు చేరిన చోట ఒక ముక్కను అంచు మడిచి పెట్టి దాని మీదుగా కుడుతూ పోతారు, అందువల్ల మిగులు గుడ్డ ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది. పై పొరను ముందే ఒక్కటిగా తయారు చేసుకున్న మనకు ఆ వెసులుబాటు లేదు.

అతుకు ముక్కల మొనలు మొద్దుబారతాయి, లోవంపులు చిరుగుతాయి

అతుకు పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మామిడి పిందె ఒక్కటి కుట్టి చూస్తే ఈ పనిలోని కష్టాలన్నీ కనిపిస్తాయి. వీపు వెలివంపు, తోక దగ్గర లోవంపు, చివర మొన.

ముక్క మంచివైపు గీత గీసి, గీత చుట్టూ పావు అంగుళం వదిలి కత్తిరించాలి. ఆ మిగులంతటినీ ముందే ఇస్త్రీ చేసి మడిచి పెట్టుకుంటే మొన దగ్గర మూడు మడతలు ఒకదానిపై ఒకటి చేరి ఉబ్బుతుంది. అందుకని కుట్టబోయే అంగుళం మేర మాత్రమే సూది మొనతో లోపలికి తోసుకుంటూ పోవాలి. వెలివంపుకు గాట్లు అక్కరలేదు. గాట్లు పెడితే వాటి మధ్య అంచు మూలలు మూలలుగా తేలుతుంది. లోవంపుకు మాత్రం గీతకు ఒకటి రెండు పోగుల దూరంలో ఆగేలా చిన్న గాట్లు పెట్టి, ఆ చోటు రాగానే కుట్లు దగ్గర చేయాలి. గాటు పెట్టిన తరువాత ఆ ముక్కను వదిలి లేవకూడదు, గుడ్డ పోగులు ఊడటం అప్పుడే మొదలవుతుంది.

ఇక మొన. ఒక వైపు అంచు కుట్టుకుంటూ వచ్చి, రెండు గీతలు కలిసే బిందువు దగ్గర ఒక కుట్టు, దానిపైనే మరొక కుట్టు వేయాలి. లోపలికి మడిచిన గుడ్డ అప్పుడు రెండో వైపున చిన్న చెవిలా పొడుచుకొని కనిపిస్తుంది. ఆ చెవిని కత్తిరించాలి. రెండో వైపు మిగులును తడిపిన పుల్లతో కిందికి తోసి, బొటనవేలితో కాసేపు నొక్కి పట్టాలి. చివరగా దారాన్ని మొన చూస్తున్న దిక్కుకే మెల్లగా ఒకసారి లాగితే, లోపలికి ముడుచుకున్న కొన బయటికి వచ్చి సన్నగా నిలుస్తుంది. మొదటి పది పిందెల్లో ఇది కుదరకపోయినా వాటిని విప్పకుండా ముందుకు సాగమనే నా సలహా. బొంత పూర్తయ్యేసరికి ఆ పది ఎక్కడున్నాయో కుట్టినవారే వెతుక్కోవలసి వస్తుంది.

కుట్లు పైకి కనిపిస్తున్నాయంటే దారం నేల గుడ్డ (ముక్కను ఏ గుడ్డ మీద అతుకుతామో ఆ గుడ్డ) రంగులో ఉందన్నమాట, దారం ఎప్పుడూ అతికే ముక్క రంగులోనే ఉండాలి. పూల తీగలా అతికే సన్న పట్టీ వంపు తిరగకుండా చిట్లుతుంటే పట్టీని నిలువు పోగు వెంట కత్తిరించి ఉంటారు. దర్జీలు క్రాస్ పట్టీ అనే ఏటవాలు కత్తిరింపు దానికి కావాలి. లేత ముక్క కింద ముదురు నేల కనబడితే మడత గీత వరకు కత్తిరించిన తెల్ల మల్లు గుడ్డను కింద ఉంచాలి. ఎరుపు, నీలం ముక్కలను, కలంకారీ ముక్కలను అతకడానికి ముందే ఉతికి, తడి తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతున్నదేమో చూడాలి.

అంతా అయింది, అంచు మాత్రం మిగిలిపోయింది

చివరి పట్టీకి కావలసిన గుడ్డను మొదట్లో ఆలోచించకపోవడం వల్ల, వరుసలన్నీ పూర్తయిన బొంతలు కూడా పెట్టెలో పడి ఉంటాయి. వెనుక పొరను పరిచేనాడే నాలుగు వైపులా రెండంగుళాలు అదనంగా ఉంచుకుంటే, దాన్నే రెండు మడతలుగా ముందుకు తిప్పి అతుకు కుట్టుతోనే మూసివేయవచ్చు. ఆ మిగులు ఉంచుకోనివారు విడదీసి దాచిన చీర అంచును వాడుకోవచ్చు. అంచు నేత దట్టంగా ఉంటుంది కనుక నాలుగు మూలల దగ్గర మడత లావెక్కుతుంది. అక్కడ లోపలి పొరలను పావు అంగుళం మేర ఏటవాలుగా కోసి ఆ తరువాతే మడవాలి.