బ్యాటరీ కారు ఏటిగట్టు ఎక్కలేకపోతుంటే ఏం చూడాలి, ఏం మార్చాలి

కోనసీమలో కొండలెక్కడివి, బండి ఎత్తు ఎక్కడంలో సమస్యేంటి అని బయటివాళ్ళు అడుగుతారు గానీ, ఏటిగట్టు మీంచి లంకలోకి దిగే ర్యాంపు చూసినవాళ్ళెవరూ అడగరు. 1986 ఆగస్టు వరద మట్టాన్ని లెక్కలో పెట్టుకుని గట్లు ఎత్తు చేశారు. ర్యాంపులకి మాత్రం చాలాచోట్ల జాగా పెరగలేదు, ఒకవైపు కొబ్బరితోట, ఇంకోవైపు కాలవ. అందుకే అవి పొట్టిగా, నిటారుగా ఉంటాయి. రిసార్టుల్లోనూ తోటల్లోనూ తిరిగే గోల్ఫ్ కార్ట్ రకం బ్యాటరీ కార్లు చదునులో ఏ లోటూ తెలియనివ్వవు, వాటి అసలు పరిస్థితంతా ఆ ర్యాంపు మీదే బయటపడుతుంది.

చాలామంది వెంటనే పెద్ద మోటారు వేయించేద్దాం అనుకుంటారు. ఆగండి, ముందు మీ బండి ఏం చేస్తోందో సరిగ్గా గమనించండి. నెమ్మదిగానైనా పైకి చేరుతోందా, లేక సగంలో ఆగిపోయి వెనక్కి జారుతోందా? ఇవి రెండూ వేరువేరు జబ్బులు. మోటారుకి బలం వచ్చేది కరెంటు వల్ల, వేగం వచ్చేది వోల్టేజి వల్ల. నత్తనడక నడుస్తూ ఎక్కుతోందంటే వోల్టేజి దారిలో ఎక్కడో పోతోంది, అంటే బ్యాటరీలు, వైర్లు, జాయింట్లు చూడాలి. అన్నీ బాగుండి కూడా ఆగిపోతోందంటే కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకి ఎంత కరెంటు పోవాలో చూసుకునే పెట్టె) ఇచ్చే కరెంటు ఆ ఎత్తుకి, ఆ బరువుకి చాలడం లేదు. బ్యాటరీ బాగా పడిపోతే కంట్రోలర్ తనంతట తనే కరెంటు తగ్గించేస్తుంది కాబట్టి ఆగిపోయే బండికైనా మొదట చూడాల్సింది బ్యాటరీలనే.

ర్యాంపు ఎంత వాలుందో కొలవడం పెద్ద పనేం కాదు. మీటరు పొడవు బద్ద ఒకటి తీసుకుని, ఒక చివర నేలకి ఆనించి, మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా రెండో చివర లేపండి. ఆ చివర కింద నేలకీ బద్దకీ మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే 10 శాతం వాలు అన్నమాట. బండీ మనుషులూ కలిపి 900 కిలోలు అనుకుందాం, ఆరుగురు కూర్చుంటే సుమారుగా అంతే అవుతుంది. చదునైన రోడ్డు మీద గంటకి 12 కిలోమీటర్ల వేగంతో వెళ్ళడానికి 48 వోల్టుల బండి దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది. అదే వేగంతో 10 శాతం వాలు ఎక్కాలంటే 95 దాకా కావాలి, ఆరేడు రెట్లు! చదునులో బయటపడని లోపం గట్టు దగ్గర బయటపడేది ఇందుకే.

ఇక కొలత. మల్టీమీటరు ఒకటి కొనుక్కోండి, ఖరీదైనదేమీ అక్కర్లేదు. రాత్రంతా చార్జి పెట్టి, తీసేసిన కొన్ని గంటలకి చూస్తే 48 వోల్టుల లెడ్ యాసిడ్ సెట్టు 50.9 వోల్టులకి అటూఇటూగా చూపించాలి. అది చూసి బ్యాటరీలు బాగున్నాయని తేల్చేయకండి, అక్కడే ఎక్కువమంది మోసపోయేది. లోడు మీద చూడాలి. ఒకరు నడుపుతుంటే పక్క సీట్లో ఇంకొకరు మీటరు పట్టుకుని, మొత్తం సెట్టు వోల్టేజి ర్యాంపు మధ్యలో ఎంతకి దిగిందో రాసుకోండి. 46, 47 దగ్గర నిలబడితే బ్యాటరీలు గట్టివే. 42కి దిగిందంటే, సెట్టులో మొత్తం 24 సెల్లులు కాబట్టి, సెల్లుకి 1.75 వోల్టులకి వచ్చేసినట్టు, ఇక దాని చేత పని చేయించకూడదు. అప్పుడు ఒక్కో బ్యాటరీనీ విడిగా ఇలాగే లోడు మీద చూడండి. 8 వోల్టులవి ఆరు ఉంటే, ఐదు 7.7 దగ్గర ఉండి ఒక్కటి 6.8కి పడిపోతుంది చూడండి, దొంగ అదే. ఆ ఒక్కదాని వల్ల మిగతా ఐదూ ఉన్నా లేనట్టే. అయితే పాత సెట్టులో ఒక్క కొత్త బ్యాటరీ కలిపితే అది కూడా త్వరగానే పాతవాటి దారి పడుతుంది, అందుకని సెట్టు బాగా ముదిరిపోయి ఉంటే మొత్తం మార్చడమే నయం.

సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు, అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళు, ఈ తర్వాతి సంగతి బాగా పట్టించుకోవాలి. ఉప్పుగాలి, చెమ్మ కలిసి టెర్మినల్స్‌ని తినేస్తాయి. పైకి కనిపించే పచ్చటి పొడి, తెల్లటి పొడి తుడిచేస్తే సరిపోదు. లగ్గు (వైరు చివర బోల్టుకి తగిలించే లోహపు ముక్క) దగ్గర వైరు తొడుగు ఒక అంగుళం చీల్చి చూడండి: లోపలి రాగి పోగులు ఎర్రగా మెరుస్తుంటే సరే, నల్లగా మారి వంచగానే పుటుక్కున విరుగుతుంటే ఆ వైరు పోయినట్టే, పైపైన శుభ్రం చేసి లాభం లేదు. ఒక పాడు జాయింటులో 0.05 ఓమ్ అడ్డు ఉందనుకోండి, అదేం లెక్కలే అనిపిస్తుంది. కానీ 95 ఆంపియర్ల దగ్గర అది దాదాపు 4.75 వోల్టులు మింగేస్తుంది, 450 వాట్లు అక్కడే వేడిగా పోతాయి. అందుకే ర్యాంపు ఎక్కించిన వెంటనే, స్విచ్చి ఆపి, చేతి వెనకవైపుతో ఒక్కో జాయింటు దగ్గరా వేడి చూడండి. మిగతావాటికంటే వేడిగా ఉన్నదే మీ బలం తినేస్తున్నది. కాంటాక్టరునీ (మోటారుకి వెళ్ళే పెద్ద కరెంటుని కలిపి తెంచే స్విచ్చి) మర్చిపోవద్దు, లోడు మీద దాని రెండు పెద్ద బోల్టుల మధ్య మీటరు పెడితే సున్నాకి దగ్గరగా చూపించాలి. అర వోల్టు, వోల్టు చూపిస్తోందంటే లోపల పాయింట్లు కాలిపోయాయి.

శుభ్రం చేయడానికి వంటసోడా కలిపిన నీళ్ళు చాలు, బ్యాటరీ మూతల్లోంచి లోపలికి మాత్రం చుక్క కూడా పోకూడదు. ఆరాక బిగించి వాజలైన్ రాసేయండి. వైర్లు మార్చేటట్టయితే 25 లేదా 35 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేయండి, లగ్గులు సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ మెషీన్‌తో నొక్కించండి. అన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి రెండు మార్చి నాలుగు వదిలేస్తే ఫలితం పూర్తిగా రాదు. ఈ పని చేసేటప్పుడు ఉంగరం, చేతి గొలుసు తీసేయండి, స్పానర్‌ పిడికి టేపు చుట్టండి. చార్జింగ్ అప్పుడే ఆపినచోట, గాలి ఆడని షెడ్డులో అస్సలు వద్దు, హైడ్రోజన్ ఉంటుంది.

బ్రేకులు, టైర్ల మాట రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వెనక చక్రాలు రెండూ జాకీ మీద లేపి చేత్తో తిప్పండి, బరబరమని పట్టేస్తుంటే తుప్పుతో బ్రేకు పూర్తిగా వదలడం లేదు. గాలి 20 నుంచి 22 పీఎస్ఐ ఉండాలి చాలా బళ్ళకి, మీ టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠానికి మాత్రం మించనివ్వకండి. వరద తీశాక ర్యాంపు మీద ఒండ్రు పేరుకుని చక్రం గిర్రున తిరుగుతుంటే అది మోటారు లోపం కాదు, పారతో గీకి ఒండ్రు తీసేయడమో, గళ్ళ టైర్లు వేయడమో చేయాలి.

ఇవన్నీ అయ్యాక కూడా ఆగిపోతుంటే అప్పుడు డబ్బు పెట్టండి, అది కూడా ముందు కంట్రోలర్ మీద. 300 ఆంపియర్లది తీసి 400 లేదా 500ది వేస్తే ఎత్తు మీద తేడా వెంటనే కనిపిస్తుంది. దాంతోపాటే కాంటాక్టరు, కేబుల్, ఫ్యూజు ఆ కరెంటుకి తగ్గట్టు మార్చాలి, లేకపోతే బలహీనమైనది కాలిపోతుంది. మీ మోటారు ఏ రకం, సిరీసా, సెపెక్సా, ఏసీయా అన్నది ప్లేటు మీద చూసి గానీ కంట్రోలర్ కొనొద్దు, ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. కొందరు మెకానిక్కులు ఇంకో 12 వోల్టుల బ్యాటరీ కలిపి 60 వోల్టులు చేసేద్దాం అంటారు. నేనైతే వద్దనే అంటాను. దానివల్ల పెరిగేది ముఖ్యంగా వేగం, పైగా 48కి చేసిన కంట్రోలర్ పోయే ప్రమాదం ఉంది. అలాగే అందం కోసం 18 అంగుళాల టైర్లు తీసి 22వి వేయిస్తే నేలని తోసే బలం 18 శాతం దాకా తగ్గుతుంది. గట్టు ఎక్కాల్సిన బండికి చిన్న టైర్లే మంచివి.

లిథియం బ్యాటరీల గురించి అందరూ అడుగుతున్నారు. బరువు వందకిలోలకి పైగా తగ్గుతుంది, లోడు మీద వోల్టేజి పెద్దగా జారదు, ఎత్తు ఎక్కడానికి ఈ రెండూ లాభమే. కొనేముందు బీఎంఎస్ (లిథియం బ్యాటరీని కాపాడుతూ, కరెంటు హద్దు దాటితే ఆపేసే సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లు వదలగలదో అడగండి. 400 ఆంపియర్ల కంట్రోలర్‌కి 100 ఆంపియర్ల బీఎంఎస్ తగిలిస్తే ర్యాంపు మధ్యలో టక్కున ఆగిపోతుంది, వెనక ఇంకో బండి ఉంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. చార్జరు కూడా లిథియందే వాడాలి.

నడిపే పద్ధతి కూడా చెప్పాలి. ర్యాంపు మొదట్లో ఆపి బయలుదేరకుండా, కాస్త ముందునుంచే వేగం అందుకుని తిన్నగా ఎక్కించండి. మధ్యలో ఆగాల్సి వస్తే బ్రేకు మీదే నిలపండి, యాక్సిలరేటర్ సగం తొక్కి బండిని అక్కడే నిలబెట్టొద్దు. తిరగని మోటారులో కరెంటంతా కార్బన్ బ్రష్‌ల కింద ఉన్న ఆ రెండు మూడు రాగి పట్టీల మీదే పడి అవి కాలి నల్లబడతాయి, తర్వాత మోటారు విప్పితే కమ్యుటేటర్ (ఆ రాగి పట్టీల చుట్టు) మీద ఆ మచ్చలు కనిపిస్తాయి. బరువు ఎక్కువైతే ఇద్దరిని దింపి ఎక్కించండి, ఎవరూ ఏమీ అనుకోరు. దిగేటప్పుడు చాలా పాత సిరీస్ మోటారు బళ్ళకి మోటారు బ్రేకు ఉండదు, మొత్తం భారం చక్రాల బ్రేకు డ్రమ్ముల మీదే. కాబట్టి బలం పెంచిన రోజే, పూర్తి బరువుతో ర్యాంపు మధ్యలో నిలిపి, పార్కింగ్ బ్రేకు ఒక్కదానితో బండి కదలకుండా ఉంటోందో లేదో చూసుకోండి. అప్పుడు చక్రాల వెనక చెక్కదుంగలు పెట్టించి, కింద ఎవరూ లేకుండా చూసుకుని మరీ చేయండి. కొంచెం జారినా బ్రేకు కేబుల్ బిగించి బ్రేకు షూలు మార్పించేదాకా మనుషుల్ని ఎక్కించుకోకండి.