గుండె లయను కంప్యూటరుతో చదవడం – 4: ముందుగా వచ్చిన ఒక్క స్పందన

మూడో పాఠంలో ఈసీజీలో ఆర్ శిఖరాలను (ఒక్కో స్పందనకు ఒకటిగా పైకి లేచే మొనలను) గుర్తించాం కనుక, ఇప్పుడు ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య గడిచిన కాలాన్ని కొలుద్దాం. ఇందుకు బోస్టన్‌లో సేకరించి 1980లో పరిశోధకులకు అందించిన ఎంఐటీ–బీఐహెచ్ అనే ఈసీజీల సంపుటిలోని 48 అరగంట రికార్డుల్లో 100వ నంబరుది తెరవండి. ఇందులో సెకనుకు 360 శాంపిళ్లు (ఒక్కో క్షణాన కొలిచి రాసిన విలువలు) ఉంటాయి కాబట్టి, శాంపిళ్ల సంఖ్యను 360తో భాగిస్తే సెకన్లు వస్తాయి.

మొదటి తొమ్మిది స్పందనల మధ్య దూరాలు వరుసగా 293, 292, 284, 285, 284, 294, 235 శాంపిళ్లు. ఆ తర్వాతిది, అంటే ఎనిమిదోదీ చివరిదీ, 360కి ఒకటి రెండు తక్కువ. సుమారు 0.8 సెకనుకొకసారి కొట్టుకుంటున్న గుండెలో, కర్ణికలో (గుండె పై గదిలో) పుట్టిన ఒక స్పందన 0.65 సెకనుకే వచ్చేసింది, ఆ తర్వాతిదానికి దాదాపు ఒక సెకను పట్టింది. నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఒకటి ముందే వెళ్లిపోతే, తర్వాతి బస్సు కోసం ఎక్కువసేపు నిలబడవలసి వస్తుంది. అంతమాత్రాన బస్సుల వేళలన్నీ తప్పాయనలేం.

కంప్యూటరు మాత్రం అనేస్తుంది. పక్కపక్క దూరాల తేడాలను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే (దీన్నే ఆర్ఎంఎస్ఎస్‌డీ అంటారు) ఇక్కడ 145 మిల్లీసెకన్ల దరిదాపుల్లో వస్తుంది. వర్గం చేయడం వల్ల పెద్ద తేడా మరీ పెద్దదవుతుంది కాబట్టి చివరి రెండు తేడాలే మొత్తాన్ని మింగేశాయి. వాటిని పక్కన పెడితే విలువ 16కు పడిపోతుంది. అదే, తేడాల ప్లస్, మైనస్ గుర్తులు వదిలి మధ్యగతం (వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేది) తీస్తే, ఏదీ తొలగించకుండానే 8 శాంపిళ్లు, అంటే 22 మిల్లీసెకన్లు వస్తుంది. నా మటుకు నేను ముందు మధ్యగతాన్నే చూస్తాను.

ఇంకొక జాగ్రత్త. ఆ రికార్డుల్లో కరెంటు సరఫరా నుంచి చేరిన రొద 60 హెర్ట్జ్‌ది, మన దగ్గరిది 50. ఆ రొదను తీసే అక్కడి ఫిల్టరును అలాగే తెచ్చి మహబూబ్‌నగర్‌లో తీసిన ఈసీజీకి తగిలిస్తే రొద తగ్గదు.

అభ్యాసం: ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు క్రమం తప్పి అదరడం) దాదాపు ఆసాంతం కనిపించే 210వ రికార్డు నుంచి 60 వరుస స్పందనలు తీసుకొని, రెండు కొలతలనూ కట్టండి. అక్కడ క్రమం తప్పినది ఒక్క స్పందన కాదు కనుక, మధ్యగతం కూడా పెరుగుతుందో లేదో చూసి రాసిపెట్టుకోండి. అయిదో పాఠంలో ఆ అంకెలతోనే పి తరంగం (ఈసీజీలో కర్ణికల పనిని చూపే చిన్న అల) వైపు వెళ్తాం.