పీజో పట్టీ అతికించిన బీమ్‌ని కంప్యూటర్‌లో మోడల్ చేయడం ఎలా?

పీజో పట్టీని వంచితే చార్జ్ పుడుతుంది. వోల్టేజ్ ఇస్తే అదే పట్టీ సాగుతుంది, లేదా కుంచించుకుంటుంది. మొదటి గుణం సెన్సర్‌కి, రెండోది యాక్చుయేటర్‌కి (కదిలించే సాధనానికి) పనికొస్తుంది. అబాకస్, యాన్సిస్, కామ్సోల్ లాంటి సాఫ్ట్‌వేర్లలో దేంట్లో చేసినా పని వరస దాదాపు ఒకటే. మొదటిసారే విమానం రెక్క జోలికి పోకండి. 300 మి.మీ. పొడవు, 2 మి.మీ. మందం ఉండి, ఒక చివర బిగించిన అల్యూమినియం బీమ్ చాలు.

ముందు పీజో లేకుండా ఉత్త బీమ్‌నే రన్ చేయండి. మొదటి సహజ పౌనఃపున్యం (బీమ్ తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 18 హెర్ట్జ్ చుట్టుపక్కల రావాలి. రాలేదంటే బిగింపు దగ్గరో యూనిట్ల దగ్గరో తేడా ఉన్నట్టే. మొత్తం ఎస్‌ఐ యూనిట్లలోనే చేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

తర్వాత పట్టీ ఎక్కడ పెట్టాలో చూడండి. మొదటి మోడ్‌లో (మోడ్ అంటే ఒక్కో సహజ పౌనఃపున్యం దగ్గర బీమ్ ఊగే తీరు) ఎక్కువ వంపు బిగించిన చివర దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడ పెడతాం. రెండో మోడ్ కూడా కావాలంటే జాగ్రత్త. అందులో బిగించిన చివర నుంచి సుమారు 65 మి.మీ. దగ్గర వంపు దిశ మారుతుంది. 50 మి.మీ. పట్టీని 40 నుంచి 90 దాకా పరిచారనుకోండి, ఒక భాగం సాగుతుంటే మిగతాది కుంచించుకుంటుంది. చార్జ్‌లో చాలా భాగం దానికదే కొట్టుకుపోతుంది. బీమ్ ఊగుతున్నా సెన్సర్ పెద్దగా పలకదు.

అసలు తప్పులన్నీ మెటీరియల్ డేటాలోనే. కోత (షియర్) పదాల వరస పట్టీ డేటాషీట్‌లో 23, 13, 12 అని ఉంటే, అబాకస్ 12, 13, 23 అని అడుగుతుంది. చూసుకోకుండా దించేస్తే ఎర్రర్ రాదు, జవాబే తప్పొస్తుంది! పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత చార్జ్ పట్టి ఉంచుతుందో చెప్పే విలువ) కూడా రెండు రకాలు: పట్టీని స్వేచ్ఛగా వదిలి కొలిచింది, కదలకుండా బిగించి కొలిచింది. మీ సాఫ్ట్‌వేర్ ఏది అడుగుతోందో మాన్యువల్‌లో చూడండి. పోలింగ్ దిశ (తయారీలో పట్టీకి విద్యుత్ ధ్రువాలు అమర్చిన దిశ) పట్టీ మందం వైపు ఉందో లేదో కూడా సరిచూసుకోండి.

ఎలక్ట్రోడ్ అంటే లోహపు పూత, దాని మీద అంతటా ఒకటే వోల్టేజ్. కాబట్టి ఆ ముఖం మీది నోడ్లన్నిటి (మోడల్‌లో లెక్క కట్టే బిందువులన్నిటి) వోల్టేజ్‌ని ఒకదానికొకటి కట్టేయాలి. అడుగు ముఖానికి సున్నా ఇవ్వండి.

ఇప్పుడు చిన్న పరీక్ష. పట్టీని బీమ్ నుంచి విడదీసి 100 వోల్టులు ఇవ్వండి. డీ31 (మందం వైపు వోల్టేజ్ ఇస్తే పొడవు ఎంత మారుతుందో చెప్పే గుణకం) విలువ వోల్టుకు 171 పికోమీటర్లు, మందం అర మి.మీ. అయితే, 50 మి.మీ. పొడవు 1.7 మైక్రాన్లు మారాలి. చేత్తో వేసిన ఈ లెక్క, మోడల్ కలవనిదే ముందుకెళ్లొద్దు.

అతికించాక ఎలక్ట్రోడ్లని షార్ట్ చేసి ఒకసారి, ఓపెన్‌గా వదిలి ఒకసారి పౌనఃపున్యం తీయండి. ఓపెన్‌లో కాస్త ఎక్కువ రావాలి. రెండూ అచ్చంగా ఒకటే వస్తే కప్లింగ్ (యాంత్రిక, విద్యుత్ భాగాల మధ్య లింకు) పని చేయట్లేదన్నమాట.

కంట్రోల్‌కి, అంటే బీమ్ ఊగడాన్ని ఆపే పనికి, వెళ్లేటప్పుడు వేల నోడ్లు మోయక్కర్లేదు, మొదటి నాలుగైదు మోడ్లు ఉంచుకుంటే సరిపోతుంది. సెన్సర్ వోల్టేజ్ మారే వేగాన్ని గుర్తు తిప్పి యాక్చుయేటర్‌కి ఇస్తే ఊగడం త్వరగా ఆగుతుంది. ల్యాబ్‌లో అంత బాగా ఆగకపోతే జిగురు పొరని కూడా మోడల్‌లో పెట్టి చూడండి. అది మెత్తగా, మందంగా ఉంటే పట్టీ లాగుడు బీమ్‌కి పూర్తిగా చేరదు.