ఈఎక్స్‌టీ4లో ఎక్స్‌టెంట్ లుకప్ సీపీయూని తినేస్తుంటే

సమస్య: లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఉన్న పెద్ద వర్చువల్ మెషిన్ ఇమేజ్ (ఆ మెషిన్ డిస్క్‌గా వాడే ఫైలు) మీద ర్యాండమ్ రీడ్లు నడుస్తున్నాయి. డిస్క్ తీరిగ్గానే ఉంది, సిస్టమ్ టైమ్ (కెర్నెల్ వాడే సీపీయూ సమయం) మాత్రం దిగడం లేదు. ఏ ఫంక్షన్ సీపీయూని ఎక్కువ వాడుతోందో చూపే పెర్ఫ్ టాప్‌లో చూస్తే ఎక్స్‌టెంట్ (డిస్క్ మీద పక్కపక్కనే ఉన్న బ్లాకుల వరస) స్టేటస్ లుకప్ ఫంక్షన్ అన్నిటికన్నా పైన ఉంది.

వెంటనే ఎక్స్‌టెంట్లని వెతికే ట్రీ కోడ్ మీద చెయ్యి వేయకండి. ముందు ఫైల్‌ఫ్రాగ్ -v కమాండ్ కొట్టి ఆ ఫైలుకి ఎన్ని ఎక్స్‌టెంట్లున్నాయో చూడండి.

కారణం: డిస్క్ మీది ట్రీ పొట్టిది. 4 కేబీ బ్లాకులో 12 బైట్ల హెడర్ పోగా 12 బైట్ల ఎంట్రీలు 340 పడతాయి, మిగిలిన 4 బైట్లలో చెక్‌సమ్ కూర్చుంటుంది. ఐనోడ్‌లోనే (ఫైలు వివరాలుండే రికార్డు) 4 ఎంట్రీలుంటాయి కాబట్టి, లక్ష ఎక్స్‌టెంట్లైనా దాని కింద రెండు అంచెల్లో సర్దుకోగలవు. మెమరీలో ఎక్స్‌టెంట్ల స్థితిని దాచే స్టేటస్ ట్రీ అలా కాదు, అది ఒక్కో నోడ్‌కి రెండేసి కొమ్మలుండే రెడ్-బ్లాక్ ట్రీ. లక్ష నోడ్లుంటే రూట్ నుంచి అడుగుదాకా సుమారు 17 నోడ్లు దాటాలి, ఏ నోడ్ దగ్గరైనా క్యాష్ మిస్ (సీపీయూ క్యాష్‌లో లేక మెమరీ దాకా వెళ్లాల్సి రావడం) తగలొచ్చు. రూట్ దాకా వెళ్లకుండా ముందుగా చూసుకోవడానికి కెర్నెల్ ఒక నోడ్‌ని గుర్తుపెట్టుకుంటుంది గానీ, వరసగా చదివేవాళ్లకే దానితో లాభం.

పరిష్కారం: ఫైలుని ముక్కలు కలిపే ఈ4డీఫ్రాగ్ చేయండి, లేదా ఖాళీ బాగా ఉన్న చోటికి కొత్తగా కాపీ చేయండి. కొత్త ఇమేజ్ అయితే ముందే ఫాలొకేట్ చేయడం (చోటు రిజర్వ్ చేసుకోవడం) మంచిది. ఇక్కడొక మెలిక ఉంది: ఫాలొకేట్ చేసిన చోటు అన్‌రిటన్‌గా (ఇంకా రాయనిదిగా గుర్తుపడి) ఉంటుంది. అక్కడక్కడ రాస్తూ పోతే రాసిన ముక్కలూ రాయని ముక్కలూ వేర్వేరు నోడ్లవుతాయి. మధ్య ఖాళీలు నిండాకే అవి మళ్లీ కలుస్తాయి. అందుకే ఫాలొకేట్ చేశాక కూడా కొన్నాళ్లు ఫైల్‌ఫ్రాగ్ -v జాబితా పొడవుగా కనిపిస్తే కంగారుపడక్కర్లేదు.

మీ సొంత ప్యాచ్‌లో లూప్ ఉంటే: ఫైలు బ్లాకులు డిస్క్‌లో ఎక్కడున్నాయో చెప్పే మ్యాప్ బ్లాక్స్ ఫంక్షన్‌ని ఒక్కో బ్లాక్ చొప్పున పిలుస్తున్నారేమో చూడండి. 4 కేబీ బ్లాకులతో ఒక ఎక్స్‌టెంట్‌లో 32,768 బ్లాకులు, అంటే 128 ఎంబీ దాకా పడుతుంది. పొడవు ఎక్కువ అడిగితే ఎంత దొరికిందో అదే తిరిగి చెబుతుంది, అంతమేరా మళ్లీ వెతకనక్కర్లేదు. నేను చూసిన వాటిలో ఎక్కువ లాభం ఇచ్చే మార్పు ఇదే, తేలికైనదీ ఇదే.

చాలా థ్రెడ్లు ఒకే ఫైలుని చదువుతుంటే: పెర్ఫ్‌లో స్టేటస్ ట్రీని కాపాడే రీడ్ లాక్ పైకి తేలుతుంది. రీడ్ లాకైనా లాక్ వర్డ్‌లో రాయక తప్పదు, దాంతో ఆ క్యాష్ లైన్ కోర్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ట్రీని పొట్టి చేసినా ఇది తగ్గదు. లుకప్‌ల సంఖ్య తగ్గించాలి, లేదా డేటాని నాలుగైదు ఫైళ్లకి పంచాలి.