తాత తుపాకి మన పేరు మీదికి ఎట్ల మార్చుకోవాలె, రిపేర్ ఎక్కడ చేయించాలె: దరఖాస్తు విధానం

మా చిన్నాయిన కొడుకు ఐటీఐ ఫిట్టర్, చేతిల మంచి పనితనం ఉన్న పిలగాడు, బోరు మోటర్ స్టార్టర్ అయినా కుట్టు మిషన్ అయినా విప్పి మళ్ల బిగిస్తడు. ఒకరోజు ఫోన్ చేసి "అన్నా, తాత తుపాకి అటుక మీద తుప్పు పడుతున్నది, హ్యామర్ స్ప్రింగ్ పోయినట్టున్నది, ఫైరింగ్ పిన్ అరిగింది, ఈ పార్టులు యాడ దొరుకుతయో జర చూడు, ఇంట్లనే నేను బాగు చేస్త" అన్నడు. హ్యామర్ స్ప్రింగ్, ఫైరింగ్ పిన్ అంటే ట్రిగ్గర్ గుంజితే తూటాను కొట్టి పేల్చే పార్టులు. తాత చచ్చిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. అది సింగిల్ బ్యారెల్ 12 బోర్, అంటే ఒకటే గొట్టం, ఆ గొట్టం సైజు 12 నంబరు, తాత చేన్ల కావలికి పోయేటప్పుడు భుజానికి వేసుకునేది, మాకందరికి దాని మీద పాణం. నేను కూడ ముందు పార్టుల కోసమే వెతుకుడు మొదలుపెట్టిన, కాని వెతుకుతుంటే వెతుకుతుంటే అసలు సంగతి వేరే ఉన్నదని తెలిసింది. మా దేవరకొండ దిక్కు, అచ్చంపేట దిక్కు ఇట్ల తాతల కాలం తుపాకులు ఉన్న ఇండ్లు ఇంక ఉన్నయి కాబట్టి, మేం ఎట్ల తిరిగినమో, ఏ కాయితం ఎక్కడ పెట్టినమో మొత్తం రాస్తున్న.

ముందుగాల చట్టం ముచ్చట, ఇది తెల్వకుంట ఒక్క స్క్రూ కూడ కొనొద్దు. 1959 ఆయుధాల చట్టంల రెండో సెక్షన్ చదివితే ఆయుధం అంటే తుపాకి ఒక్కటే కాదు, తుపాకి పార్టులు కూడ ఆయుధమే, వాటిని తయారు చేసే మిషనరీ కూడ ఆయుధమే అని సాఫ్ రాసి ఉన్నది. అంటే బ్యారెల్ ఒక్కటి విడిగ ఇంట్ల పెట్టుకున్నా లైసెన్స్ అడుగుతరు. ఇగ ఐదో సెక్షన్ల ఏమున్నదంటే తుపాకి తయారు చేసుడు, అమ్ముడు, మార్చుడు, రిపేర్ చేసుడు, టెస్ట్ చేసుడు, వీటన్నిటికి వేరే లైసెన్స్ కావాలె. తుపాకి ఉంచుకునే లైసెన్స్ వేరు, రిపేర్ చేసే లైసెన్స్ వేరు, ఈ రెండు ఒకటే అనుకునుడు దగ్గర్నే చాలామంది ఆగమైతున్నరు. ఆరో సెక్షన్ ప్రకారం బ్యారెల్ కోసి పొట్టిగ చేసుడు, బొమ్మ తుపాకిని అసలు తుపాకి లెక్క మార్చుడు కూడ లైసెన్స్ లేకుంటే నేరమే. పదో సెక్షన్ల దిగుమతి సంగతి ఉన్నది, వేరే దేశం వెబ్‌సైట్ల పార్టు చూసి కొరియర్ల తెప్పించుకుంటం అంటే దానికి కూడ లైసెన్స్ ఉండాలె, లేకుంటే కస్టమ్స్ దగ్గర పట్టుబడి పోలీసు కేసు దాకా పోతది.

శిక్షలు 2019ల బాగ పెంచిండ్రు. లైసెన్స్ లేకుంట తయారు చేసినా, రిపేర్ చేసినా కనీసం 7 ఏండ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఉత్తగ లైసెన్స్ లేకుంట మామూలు తుపాకి దగ్గర పెట్టుకున్నా 2 ఏండ్ల నుంచి 5 ఏండ్లు. పెండ్లిల, జాతరల సంతోషానికి నిర్లక్ష్యంగ గాల్ల కాల్చినా 2 ఏండ్ల దాకా జైలు, లేదంటే లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదంటే రెండూ. ఇవన్ని నేను తమ్ముడికి చదివి వినిపిస్తే వాడు "నేను దొంగపని చేస్తలేను గదన్నా, మన తాతదే గదా" అన్నడు, వాని మాటల తప్పు లేదు, కాని తాత లైసెన్స్ తాత పేరు మీదిది, తాతతోనే పోయింది, ఆయన పోయినంక అది మన ఇంట్ల ఉన్న లైసెన్స్ లేని తుపాకి.

ఒక మినహాయింపు ఉన్నది, 45వ సెక్షన్ల. రిపేర్ చేసినా చెయ్యకున్నా ఇగ ఎప్పటికి పేలని పాత కాలం ఆయుధానికి చట్టం వర్తించదు. ఇంకోటి, చిన్న చిన్న పార్టులు దగ్గర ఉన్నా, అవి మన దగ్గర గాని వేరేటోళ్ల దగ్గర గాని ఉన్న మిగతా పార్టులతోటి కలిపి వాడే ఉద్దేశం లేకుంటే మినహాయింపు. ఇది చదివి సంబరపడొద్దు, ఎందుకంటే మా తమ్ముడు స్ప్రింగ్ అడిగిందే తాత తుపాకిల వేసేటందుకు, అప్పుడు మినహాయింపు ఎక్కడిది. పేలుతదా పేలదా అన్నది కూడ మనం చెప్పుకునేది కాదు.

ఇగ పని. మొట్టమొదలు చెయ్యాల్సింది దరఖాస్తు కాదు, తుపాకిని పోలీస్ స్టేషన్ల గాని లైసెన్స్ ఉన్న గన్ డీలర్ దగ్గర గాని డిపాజిట్ చేసుడు. 21వ సెక్షన్ అదే చెప్తది, ఆలస్యం చెయ్యకుంట జమ చెయ్యాలె అని. మేం ఎనిమిది నెలలు ఆలస్యం చేసినం, మా నాయిన తెల్లకాయితం మీద తాత ఎప్పుడు చచ్చిపోయిండు, మేం ఎందుకు లేట్ చేసినం ఉన్నదున్నట్టు రాసి, తాత లైసెన్స్ పుస్తకం, డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ పెట్టి ఇచ్చిండు. పోయే ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి ఇట్ల తెస్తున్నం అని చెప్పుండ్రి, తూటాలు తీసి వేరే సంచిల పెట్టుండ్రి, తుపాకిని గుడ్డల చుట్టి కారుల పెట్టుకొని సీదా స్టేషన్‌కే పోవాలె, నడుమ చుట్టాలింటికి చాయ్ తాగనీకి ఆగొద్దు. రసీదు తప్పకుంట తీసుకోండి. రసీదుల తుపాకి నంబరు, బోరు, తూటాలు ఎన్ని అన్నది సరిగ రాసిండ్రా అని అక్కడనే నిలబడి చూసుకోవాలె, మాదాంట్ల ఒక అంకె తప్పు పడితే అప్పుడే దిద్దించుకున్నం, లేకుంటే తర్వాత ఫైలు మొత్తం ఆగుతుండె.

లైసెన్స్ పుస్తకమే లేని నాటు తుపాకి, బర్మార్ తుపాకి (గొట్టం మూతి నుంచి తుపాకి మందు దట్టించి కాల్చేది) పాత ఇల్లు విప్పుతుంటే దొరికిందనుకోండి, అది వేరే కథ. మన నల్లగొండ జిల్లాల 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంల వడిసెలలు, బర్మార్లు పట్టిన ఊర్లున్నయి, దూలాల సందుల అసుమంటివి ఇప్పటికి ఉండొచ్చు. దాన్ని వారసత్వం కింద చూపియ్యనీకి రాదు ఎందుకంటే అసలు లైసెన్సే లేదు. ఒక వకీలుతోటి మాట్లాడి వెంటనే పోలీసులకు అప్పజెప్పాలె, మనమే విప్పి తుడిచి చూద్దాం అని అసలే అనొద్దు, లోపట మందు నింపి ఉంటే పాణం మీదికి వస్తది.

దరఖాస్తు ఎవరికి పెట్టాలె అంటే మన దిక్కు జిల్లాలల్ల కలెక్టర్‌కు, ఆయన డిస్ట్రిక్ట్ మెజిస్ట్రేట్ హోదాల లైసెన్స్ ఇస్తడు. పోలీస్ కమిషనరేట్ ఉన్న కాడ కమిషనర్‌కు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, 2016 అక్టోబర్ల జిల్లాలు విడిపోయినయి గదా, తాత పుస్తకం మీద మహబూబ్‌నగర్ కలెక్టర్ ముద్ర ఉంటది, ఊరేమో ఇప్పుడు నాగర్‌కర్నూల్లనో వనపర్తిలనో ఉంటది, నారాయణపేట అయితే 2019ల అయింది. అసుమంటోళ్లు ఇప్పుడున్న జిల్లా కలెక్టరేట్ల ముందే అడిగి, పాత రికార్డు ఎక్కడ ఉన్నదో చూపిచ్చుకొని అప్పుడు అప్లై చెయ్యండి, లేకుంటే "పాత ఫైలు దొరుకుతలేదు" అని రెండు కలెక్టరేట్ల నడుమ తిరుగుడే అయితది.

అప్లికేషన్ ఇప్పుడు ఆన్‌లైన్ల, కేంద్ర హోం శాఖ వాళ్ల ఎన్‌డాల్-ఎలిస్ (ఆయుధాల లైసెన్సుల) పోర్టల్. దాంట్ల రాష్ట్రం, జిల్లా, లైసెన్స్ ఇచ్చే అధికారి ఎంచుకొని, వ్యక్తిగత లైసెన్స్‌కు ఏ-1 ఫారం నింపాలె, తుపాకి వారసత్వంగ వచ్చిందని చూపెట్టాలె. 2016 ఆయుధాల రూల్స్‌ల 25వ రూల్ అంతా వారసుల గురించే. కొత్తగ లైసెన్స్ అడిగేటోడు నాకు పాణభయం ఉన్నది అని నిరూపించుకోవాల్సి వస్తది, వారసునికి ఆ బరువు లేదు, అర్హత ఉండి పోలీస్ రిపోర్ట్ల చెడు మాట లేకుంటే ఇయ్యొచ్చు అని ఆ రూల్ చెప్తది. తాత బతికుండంగనే కూడ చేసుకోవచ్చు, లైసెన్స్ ఉన్నాయనకు 70 ఏండ్లు నిండితే గాని, తుపాకి 25 ఏండ్ల నుంచి ఆయన దగ్గర ఉంటే గాని, ఏది ముందైతే అది, తను చెప్పిన వారసుని పేరు మీద అప్లై చెయ్యొచ్చు. ఇది మాకు ముందే తెలిస్తే తాత ఉన్నప్పుడే చేసుకుంటుంటిమి, ఆయన సంతకం ఉంటే సగం కాయితాలు తప్పుతుండె. మీ ఇంట్ల పెద్దమనిషి ఉన్నడంటే ఈ పని ఇప్పుడే చెయ్యండి.

కాయితాలు: ఆధార్, పుట్టినతేదీ రుజువు, అడ్రస్ రుజువు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, తాత లైసెన్స్ పుస్తకం, డెత్ సర్టిఫికెట్, డిపాజిట్ రసీదు, మీసేవల అప్లై చేస్తే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, డాక్టర్ దగ్గర్నుంచి ఒంటి ఆరోగ్యం మనసు ఆరోగ్యం బాగున్నయి, మత్తు అలవాటు లేదు అన్న సర్టిఫికెట్, తుపాకి సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్, ఇంట్ల తాళం వేసి భద్రంగ పెడ్తం అన్న హామీ. వీటన్నిటి కన్న కష్టం ఏందంటే మిగతా వారసుల నో అబ్జెక్షన్ అఫిడవిట్లు. మా తాతకు నలుగురు పిల్లలు, ఇద్దరు మేనత్తలల్ల ఒకామె మిర్యాలగూడల, ఇంకొకామె షోలాపూర్ల, షోలాపూర్ మేనత్త దసరాకు వచ్చిందాక ఆగి నోటరీ దగ్గర సంతకం చేయించినం. ఆడబిడ్డల సంతకాలు అవసరం లేదులే అని ఎవరన్న అంటే వినొద్దు, వాళ్లు కూడ వారసులే.

అప్లై చేసే మనిషికి 21 ఏండ్లు నిండాలె. మా ఇంట్ల తమ్ముని పేరు మీద పెట్టాల్నా నాయిన పేరు మీద పెట్టాల్నా అని రెండు రోజులు మాట్లాడుకొని నాయిన పేరు మీదనే పెట్టినం. ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండొద్దు, 2019కి ముందు మూడు ఉండె, వారసత్వంగ వచ్చిందైనా లెక్క రెండే. ఫారంల కేసుల గురించి అడిగిన కాడ ఏదీ దాచొద్దు, ఎట్లాగు స్టేషన్ల తెలుస్తది.

పోర్టల్ల సబ్మిట్ చేసినంక వచ్చే నంబరు రాసిపెట్టుకొని, ప్రింట్ తీసి, ఫీజు కట్టి, కాయితాలన్ని కలెక్టరేట్ల ఇయ్యాలె. అక్కడ్నుంచి పోలీసులకు పోతది, స్టేషన్ నుంచి ఇంటికి వస్తరు, చుట్టుపక్కల అడుగుతరు, తుపాకి ఎక్కడ పెడ్తరో చూస్తరు. రూల్స్ ప్రకారం పోలీస్ రిపోర్ట్ 30 రోజులల్ల రావాలె, రిపోర్ట్ అందినంక 60 రోజులల్ల ఇచ్చుడో కాదనుడో తేల్చాలె. మాకు అంతకన్న చాలా ఎక్కువనే పట్టింది, నడుమ నాయిన మూడుసార్లు తిరిగిండు, ఎండకాలం. పోయిన ప్రతిసారి తేదీ, కలిసిన సీటు రాసిపెట్టుకొని తర్వాత ఒక అర్జీ రాసి ఇచ్చినం, అప్పుడు కదిలింది. కాదంటే కారణం రాసి ఇయ్యాలె, 14వ సెక్షన్ల ఉన్నది, 18వ సెక్షన్ కింద అప్పీలు ఉన్నది, అప్పీలుకు గడువు 30 రోజులు కాబట్టి ఆర్డర్ చేతికి వచ్చిన దినమే వకీలు దగ్గరికి పోండి.

లైసెన్స్ వస్తే దాని మీద యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉంటది, అది లేని లైసెన్స్ చెల్లదు. గడువు 5 ఏండ్లు. రెన్యువల్‌కు రెండు మూడు నెలల ముందే పెట్టుకోండి, ఆఖరి వారం దాకా ఆగొద్దు. లైసెన్స్ చూపిచ్చి డిపాజిట్ చేసిన కాడ్నుంచి తుపాకి తెచ్చుకోవాలె.

ఇప్పుడు అసలు రిపేర్. లైసెన్స్ ఉన్న గన్ హౌస్ హైదరాబాద్ల ఉన్నయి, రిపేర్ చేసే అనుమతి వాళ్లకు ఉన్నదా అని అడిగి, వాళ్ల లైసెన్స్ గోడకు ఉంటది చూసుకొని, మన లైసెన్స్ తీసుకొని పోయి ఇయ్యాలె. స్ప్రింగ్ గాని పిన్ గాని వాళ్లే తెప్పించి వేస్తరు, మన చేతికి పార్టు రాదు, రావాల్సిన అవసరం కూడ లేదు. ఊర్ల లేత్ మిషన్ ఉన్నాయన, కమ్మరి కొలిమి ఉన్నాయన ఎంత పనిమంతుడైనా ఆయన దగ్గర చేయించొద్దు, మనతోపాటు ఆయన్ని కూడ జైలుకు పంపినట్టయితది. మరి ఇంట్ల మనం చేసుకునేది ఏందంటే, తూటా లేదని రెండుసార్లు చూసుకొని, క్లీనింగ్ రాడ్‌తోటి బ్యారెల్ తుడుచుడు, బ్రష్ కొట్టుడు, పలచగ గన్ ఆయిల్ రాసుడు, కట్టె మీద నూనె గుడ్డతోటి రుద్దుడు. మా తమ్ముడు ఇప్పుడు అదే చేస్తడు, నెలకొకసారి ఆదివారం నాయిన పక్కన కూసొని, తాత చేసినట్టే.

వానికి ఈ పని మీద ఇంక ఆశ ఉన్నది కాబట్టి ఇంకో తొవ్వ కూడ చూసినం. 0.177 బోర్ (గొట్టం సైజు అంగుళాలల్ల), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు, అంటే గాలితోటి కాల్చేదానికి, తుపాకి లైసెన్స్ అక్కర్లేదు, దుకాణంల గుర్తింపు కార్డు ఇచ్చి కొనుక్కోవచ్చు. ఒలింపిక్స్ 10 మీటర్ల పోటీ ఆ బోరుతోనే, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ల కాంస్యం తెచ్చింది దాంట్లనే. గచ్చిబౌలి దిక్కు షూటింగ్ రేంజ్ ఉన్నది. నిజంగ తుపాకి మెకానిక్ అయితా అంటే గన్ హౌస్ల జీతానికి చేరి నేర్చుకునుడు, తర్వాత ఐదో సెక్షన్ కింద సొంత లైసెన్స్‌కు పెట్టుకునుడు, ఆ తొవ్వ పొడుగే కాని ఉన్నది.

అడవి పందులు పల్లిచేను తవ్వుతున్నయని తుపాకి తీసుకొని అమ్రాబాద్ అడివి అంచుకు పోదాం అనుకునేటోళ్లు ఒకటి యాదికి పెట్టుకోండి, తుపాకి లైసెన్స్ ఉంటే వేట లైసెన్స్ ఉన్నట్టు కాదు, 1972 వన్యప్రాణి చట్టం వేరే ఉన్నది, ముందు ఫారెస్ట్ ఆఫీసుల అడగాలె. ఇగ ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడు స్టేషన్ నుంచి ఫోన్ వస్తే తుపాకి మళ్ల డిపాజిట్ చెయ్యాల్సి ఉంటది, అప్పుడు కూడ రసీదు, నంబరు చూసుకునుడు మర్వొద్దు, రిజల్ట్ వచ్చి కోడ్ ఎత్తేసినంక ఆ రసీదు చూపెడ్తెనే తిరిగి ఇస్తరు.