ఈశాన్య వానలకు ముందు: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో రోడ్డు దిగి నడిపేవారికి జాగ్రత్తలు

మన రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా. తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి మాత్రం అసలు భయపడవలసిన కాలం దసరా చుట్టుపక్కలే మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలు తెచ్చే వాన ఉమ్మడి చిత్తూరు జిల్లా వార్షిక వర్షపాతంలో సగానికి దగ్గరగా ఉంటుంది. ఎండ తగ్గి, కొండలు పచ్చబడి, తలకోనలోనూ కైలాసకోనలోనూ నీళ్లు దూకే ఈ మూడు నెలల్లోనే థార్లు, బొలెరోలు, బుల్లెట్లు షెడ్డుల్లోంచి బయటికి వస్తాయి. అందరికీ బయలుదేరాలనిపించే కాలమే అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం కావడం వల్ల, ఈ మాటలు మొదటి వాయుగుండం రాకముందే చెప్పుకోవాలి.

రాజస్థాన్ ఇసుక తిన్నెల మీదో, లద్దాఖ్ రాళ్ల దారుల్లోనో తీసిన వీడియోలు చూసి నేర్చుకున్న విద్య ఇక్కడ సగమే పనికొస్తుంది. మన దగ్గర తారు రోడ్డు దిగితే ఎదురయ్యేది ఎవరికీ చెందని బయలు కాదు. అది రిజర్వు అడవి కావచ్చు, చెరువు కావచ్చు, ఎవరిదో మామిడి తోటో వేరుశనగ చేనో కావచ్చు. గంట ప్రయాణంలోనే నేల రెండు మూడు రకాలుగా మారిపోతుంది. వాహనం శక్తి కన్నా, ఈ ఊళ్లలో నీరు ఏ దారిన వస్తుందో తెలిసి ఉండటమే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

మొదట నీటి సంగతి. మీరు నిలబడిన చోట చినుకు పడకపోయినా వంకలో నీళ్లు పొంగి రావచ్చు. శేషాచలం పైన కురిసిన వాన రాతి మీద నిలవక నేరుగా కోనల్లోకి దిగుతుంది. మైదానంలో పడిన వాన చెరువులు నింపుతుంది. మన చెరువులు చాలావరకు గొలుసుకట్టువి. పై చెరువు మొరవ పోతే, అంటే నిండి అలుగు పారితే, ఆ నీరు కింది చెరువుకు, అక్కడి నుంచి ఏటికి చేరుతుంది. అందుకే వాన ఆగిన మరునాడు, ఎండ కాసే వేళ, చప్టా మీద నీళ్లు ముందురోజు కంటే ఎక్కువగా పారడం ఇక్కడ మామూలే. 2021 నవంబరు 18న తిరుపతి నీట మునిగింది, స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాట్ రోడ్లలో కొండచరియలు విరిగిపడ్డాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడి, దిగువ పల్లెలను ఖాళీ చేయించవలసి వచ్చింది. వాన తగ్గిందని బయలుదేరిన వాహనానికి అలాంటి రోజున దారిలో ఏది ఎదురవుతుందో ఊహించుకోవాలి. కనుక బయలుదేరే ముందు ఆకాశం చూడటంతో సరిపెట్టకుండా, వెళ్లే దారిలోని ఊళ్లో తెలిసినవారికి ఫోను చేసి, పైన ఏయే చెరువులు నిండాయో, ఏది మొరవ పోతోందో అడగండి. ఆ ఊరి రైతు చెప్పే ఒక్క మాట ఫోనులోని మ్యాపు కంటే నమ్మదగినది.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. జిల్లాకు ఆరెంజ్ హెచ్చరిక ఉంటే కోనలు, తీర్థాల వైపు వెళ్లే ఆలోచన మానుకోవాలి. రెడ్ హెచ్చరిక ఉంటే బండి తీయనే వద్దు. హెచ్చరిక ఎత్తివేసిన తరువాత కూడా రెండు రోజులు ఆగడం మంచిది. ఆపదలో జిల్లా కంట్రోల్ రూము 1077, అత్యవసర సేవలు 112 అనే అంకెలను బండిలో కనబడేలా రాసి అంటించుకోండి.

చప్టా దగ్గర ఆగినప్పుడు చేయవలసిన పని ఒకటుంది. నీటి అంచుకు సరిగ్గా తగిలేలా ఒక రాయి పెట్టి పది నిమిషాలు చూడండి. రాయి మునిగితే ఏరు పెరుగుతున్నట్టు. నీరు తేట నుంచి ఎరుపుకు మారినా, చెత్తా చెదారం, నురగ కొట్టుకొచ్చినా పైన కొత్త నీరు దిగిందని అర్థం. చప్టా అంచున నాటిన రాళ్లు కనబడకపోతే లోతు ఎంతో చర్చించనక్కర లేదు, వెనక్కి తిరగాలి. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారు తేలిపోతుంది. రెండడుగులుంటే పెద్ద జీపునైనా తోసుకుపోతుంది. థార్‌కు కంపెనీ చెప్పే 650 మిల్లీమీటర్ల లోతు చూసుకుని ధైర్యపడేవారున్నారు. ఆ అంకెను నిలకడగా ఉన్న, అడుగు గట్టిగా ఉన్న నీటికే వర్తింపజేసుకోవాలి. ఒకవేళ నీటిలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఎయిర్ ఇన్‌టేక్ ద్వారా సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అయినా ముందు చూసుకోవలసింది ఇంజన్‌ను కాదు. కిటికీ అద్దం దించుకుని మనుషులు బయటపడాలి. ఊరి మధ్యలోనూ ఈ జాగ్రత్త తప్పదు. 2021 అక్టోబరులో తిరుపతి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన నీటిలో వాహనం చిక్కుకుని ఒక యువతి ప్రాణాలు కోల్పోయింది.

ఇక నేల. పడమటి మండలాల్లో, అంటే పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు, గుండ్రాళ్ల మధ్య ఎర్రనేల ఎక్కువ. అది తడిస్తే పైపొర సబ్బులా జారుతుంది గానీ కింద గట్టిగా ఉంటుంది. అక్కడ దిగబడటం కన్నా చెరువు కట్ట మీద నుంచి పక్కకు జారడమే ప్రమాదం. వానాకాలంలో కట్ట మీద బండి నడపడం మీకే కాదు, ఆ కట్టకూ, దాని కింద బతికే పల్లెకూ చేటు. చక్రాల గాడిలో నిలిచిన నీరే కోతకు దారి తీస్తుంది.

స్వర్ణముఖి ఇసుక సంగతి వేరు. ఎండినప్పుడు టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గించి, వేగం ఒకేలా ఉంచి దాటవచ్చు. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవాలి. వాన పడ్డాక మాత్రం ఏట్లో దిగవద్దు. ఇసుక తవ్వుకున్న గుంతలు నీటి కింద కనబడవు. నిన్న మోకాలి లోతున్న చోటు ఇవాళ మనిషి లోతుకు దిగి ఉండవచ్చు. శేషాచలం, నగరి కొండల రాయి క్వార్ట్‌జైట్. అది అంచులు పదునుగా విరిగి టైరు పక్కగోడను చీలుస్తుంది, పారే నీటిలో అరిగి పాచిపట్టి అద్దంలా జారుతుంది. సూళ్లూరుపేట దాటాక పులికాట్ ఒడ్డున పైకి పగుళ్లు బారిన గట్టి నేలలా కనిపించేది, కింద అడుసు. అది పక్షుల అభయారణ్యం కూడా. ఫ్లెమింగోల ఫొటో కోసం అక్కడ బండి దింపడం చట్టప్రకారమూ, న్యాయంగానూ తప్పే.

అడవి విషయంలో ఇక్కడి పరిస్థితి చాలా కఠినం, అది సబబే. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటితమైంది. ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్దిపాటి చోట్లలో అది ముఖ్యమైనది. దొంగరవాణా మీద నిఘా రాత్రింబవళ్లు ఉంటుంది. చీకటిలో అడవిలో కదిలే బండి లైటు చూసిన సిబ్బందికి మీరు విహారానికి వచ్చారని తెలియదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. తుంబురు తీర్థం వంటి చోట్లకు ఆ తీర్థ ముక్కోటి (తీర్థ స్నానాల పండుగ) రోజున టీటీడీ, అటవీ శాఖ దారి తెరిచినప్పుడే వెళ్లాలి. మిగతా చోట్ల రేంజ్ కార్యాలయంలో అడిగి, తెరిచి ఉన్న దారులకే పరిమితం కావాలి.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రాగి, వరి కోతల వేళకు పొలాల్లోకి దిగుతాయి. వాటి కోసమే 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందినవి) తెప్పించి ముసలిమడుగు దగ్గర ఉంచారు. దారిలో గుంపు కనబడితే హారన్ కొట్టకండి, హై బీమ్ వేయకండి. ఇంజన్ ఆపకుండా మెల్లగా వెనక్కి తీసుకోండి. ఆ ఏడాదే శివరాత్రికి ముందు, అప్పట్లో అన్నమయ్య జిల్లాలో ఉన్న గుండాలకోనకు అడవి దారిన నడిచి వెళ్తున్న భక్తులు ఏనుగుల దాడిలో చనిపోయారు. చీకటి పడ్డాక అడవి అంచున నడక వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అడవి పందుల కోసం చేల చుట్టూ కట్టిన కరెంటు తీగలు రాత్రి కంటికి కనబడవు. నవంబరులో సాయంత్రం 5.40 ప్రాంతానికే పొద్దు గూకుతుంది కాబట్టి, మూడున్నరకల్లా తిరుగు ప్రయాణం మొదలుపెట్టేలా చూసుకోండి.

బండి మాటకొస్తే, ఒంటరి బండి వెళ్లకూడదు. రెండైనా ఉండాలి. తాడు, షాకిల్ (తాడు తగిలించే ఇనుప కొక్కెం), గడ్డపార, గాలి పంపు, ఒకటికి రెండు స్టెప్నీలు ఉండాలి. దిగబడిన బండిని లాగేటప్పుడు తాడును టో బాల్‌కు (బండి వెనక ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండుకు) తగిలించకండి. అది ఊడితే తుపాకీ గుండంత వేగంతో వచ్చి మనిషిని కొడుతుంది. తాడు మధ్యలో తడి గోనెసంచి వేసి, అందరినీ తాడు పొడవుకు మించిన దూరంలో నిలబెట్టండి. తలకోన లోపల ఫోను పనిచేయని చోట్లున్నాయి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టి వెళ్లండి.

కోనల మడుగుల్లో ఈత విషయంలో నాది ఖండితమైన మాట: ఈ మూడు నెలలూ దిగవద్దు. ఉబ్బలమడుగు, నాగలాపురం, కైలాసకోన వంటి చోట్లకు చెన్నై నుంచి వచ్చే యువకులకు కూడా తోడున్నవారు ఇదే చెప్పాలి. పైనుంచి చూస్తే తేటగా, నిశ్చలంగా ఉండే మడుగు కింద రాతి అరలుంటాయి, ఒడ్డు పట్టు దొరకదు, పైన వాన పడితే నిమిషాల్లో మట్టం పెరుగుతుంది. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నాటు మందు వెతకడం మానేసి, కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కు ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి.

చివరగా ఇంటికొచ్చాక కూడా రెండు మూడు వారాల పాటు గుర్తుంచుకోవలసిన జబ్బు స్క్రబ్ టైఫస్. వానల తరువాత చలి మొదలయ్యే నాటికి మన జిల్లాల్లో ఈ జ్వరాలు కనిపిస్తాయి. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనబడనంత చిన్న నల్లి పిల్ల (చిగ్గర్, మంచాల్లో ఉండే నల్లి కాదు) కుడితే వస్తుంది. గడ్డిలో నేరుగా కూర్చోవద్దు, పడుకోవద్దు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు అంచును సాక్సులో దూర్చడం మేలు. ఇంటికి రాగానే స్నానం చేసి, తొడుక్కున్న బట్టలు వేడినీళ్లలో వేయాలి. తరువాత తలనొప్పితో జ్వరం వస్తే చంకలు, గజ్జలు, నడుము చుట్టూ వెతకండి. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనబడవచ్చు. కనబడకపోయినా సరే, ఫలానా వారం అడవి అంచున గడ్డిలో తిరిగామని డాక్టరుకు మొదటే చెప్పండి. డాక్సీసైక్లిన్ వంటి మామూలు మందుతో తగ్గే జబ్బు ఇది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది.