జర్మనీలో వలస పాలన గుర్తులను ప్రశ్నించే పౌర బృందం పని ఎలా మొదలుపెట్టాలి

చరిత్ర మొత్తాన్నీ ఒకేసారి తలకెత్తుకోకుండా, ముందుగా ఒక్క వీధి పేరునో ఒక్క స్మారకాన్నో ఎంచుకోండి. ఆ పేరు ఎవరిది, అతడు ఏం చేశాడు అన్నది మూల పత్రాలతో నిరూపించాలి. బెర్లిన్ లిచ్టర్‌ఫెల్డెలోని ఫెడరల్ ఆర్కైవ్స్‌లో నాటి వలస శాఖ దస్త్రాలు ఉన్నాయి. ఉదాహరణకు, 1883లో వ్యాపారి లూడెరిట్స్ నేటి నమీబియాలోని నామా ప్రజలతో భూమి ఒప్పందం చేసుకున్నప్పుడు, వారికి తెలిసిన సుమారు 1.6 కిలోమీటర్ల ఇంగ్లీషు మైలుకు బదులు 7.4 కిలోమీటర్ల జర్మన్ మైలును లెక్కలోకి తెచ్చి మోసగించాడు. ఇలాంటి ఒక్క వివరం పది నినాదాల కంటే బలంగా పనిచేస్తుంది.

తరువాతి అడుగే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం: బాధితుల వారసులను మొదటి సమావేశం నుంచే నిర్ణయాల్లో భాగస్వాములను చేయాలి. నేటి నమీబియాలో హెరెరో, నామా ప్రజలపై జర్మన్ వలస పాలకులు జరిపిన 1904–1908 మారణహోమంపై 2021లో జర్మనీ, నమీబియా ప్రభుత్వాలు 110 కోట్ల యూరోల ప్రకటనకు అంగీకరించినా, తమను సరిగా సంప్రదించలేదని హెరెరో, నామా ప్రతినిధులు అనేకులు దానిని తిరస్కరించారు. వారి బాధ న్యాయమైనది.

ఆపై స్థానిక జిల్లా సభకు వినతిపత్రం ఇవ్వండి. కొత్త పేరు ప్రతిఘటించినవారిదై ఉండాలి. బెర్లిన్‌లో లూడెరిట్స్ వీధికి 2022లో, నమీబియా తీరంలోని షార్క్ ద్వీపపు జర్మన్ నిర్బంధ శిబిరంలో మరణించిన నామా నాయకుడు కార్నేలియస్ ఫ్రెడరిక్స్ పేరు పెట్టారు. స్మారకాన్ని కూల్చడమే మార్గం కాదు: బ్రెమెన్‌లో వలస పాలన స్మారకంగా నిలిపిన 1932 నాటి ఇటుక ఏనుగును 1990లో వలసవాద వ్యతిరేక స్మారకంగా ప్రకటించారు. ఏళ్లు పడుతుంది కనుక, ప్రతి సమావేశపు తీర్మానాన్నీ రాతపూర్వకంగా భద్రపరచండి.